పాఠం 14: టకటక కొట్టుకునే రిలే – లోపం ఎక్కడ?

14.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• రిలే లేదా సొలినాయిడ్ టకటక కొట్టుకోవడానికి కారణం వివరించగలుగుతారు;
• లోపం బాటరీలో ఉందో, అతుకుల్లో ఉందో, సొలినాయిడ్‌లో ఉందో వేరుచేసి చెప్పగలుగుతారు.

14.2 పరిచయం

విత్తనాలు వేసే అదను. ట్రాక్టరు తాళంచెవి తిప్పారు. ఇంజను తిరగదు, టకటకమని శబ్దం మాత్రం వస్తుంది. “సొలినాయిడ్ పోయింది, కొత్తది వేయాలి” అని పక్కవారు అంటారు. డబ్బు పోసి కొత్తది వేసినా మళ్ళీ అదే శబ్దం రావచ్చు. శబ్దం చేసే భాగంలోనే లోపం ఉండాలని లేదు. ముందు పరీక్షించాలి, ఆ తరువాతే మార్చాలి.

14.3 శబ్దం ఎందుకు వస్తుంది?

సెల్ఫ్ మోటారు మీద ఉండే సొలినాయిడ్ నిజానికి ఒక పెద్ద రిలే. తాళంచెవి తిప్పినప్పుడు కొద్దిపాటి విద్యుత్తు దాని తీగచుట్టలో ప్రవహిస్తుంది. తీగచుట్ట విద్యుదయస్కాంతమై లోపలి ప్లంజరును లాగుతుంది. ప్లంజరు లావు కాంటాక్టులను కలుపుతుంది. అప్పుడు మోటారుకు పెద్ద ప్రవాహం అందుతుంది.

బాటరీ నీరసంగా ఉన్నా, అతుకు వదులైనా ఆ క్షణంలోనే వోల్టేజి పడిపోతుంది. అయస్కాంతం పట్టు సడలుతుంది. స్ప్రింగు ప్లంజరును వెనక్కి నెడుతుంది, కాంటాక్టులు విడిపోతాయి. మోటారు భారం తొలగగానే వోల్టేజి మళ్ళీ పెరుగుతుంది, ప్లంజరు మళ్ళీ లోపలికి వస్తుంది. ఇలా సెకనుకు ఎన్నోసార్లు జరుగుతుంది. విద్యుత్ గంట మోగేదీ ఇలాగే. గంటలో అది మనం కోరి చేసిన ఏర్పాటు, ఇక్కడ అది లోపం.

14.4 ఒక లెక్క

బాటరీ వోల్టేజి 12.6 వోల్టులు, దాని అంతర్నిరోధం 0.01 ఓమ్, కదలని మోటారు నిరోధం 0.05 ఓమ్ అనుకుందాం.

ప్రవాహం = 12.6 ÷ 0.06 = 210 ఆంపియర్లు
మోటారుకు అందే వోల్టేజి = 210 × 0.05 = 10.5 వోల్టులు

ఇప్పుడు బాటరీ టెర్మినల్ మీద తెల్లని చిలుము పట్టి 0.15 ఓమ్ నిరోధం చేరిందనుకోండి.

ప్రవాహం = 12.6 ÷ 0.21 = 60 ఆంపియర్లు
చిలుము దగ్గర పోయే వోల్టేజి = 60 × 0.15 = 9 వోల్టులు
మోటారుకు అందేది = 60 × 0.05 = 3 వోల్టులు

సొలినాయిడ్‌కూ ఆ 3 వోల్టులే మిగులుతాయి. అది పట్టు నిలుపుకోలేదు. మోటారు ఆగి ఉన్నప్పుడు మాత్రం మీటరు 12.6 చూపిస్తుంది. అందుకే భారం ఉన్నప్పుడు కొలవాలి.

14.5 పరీక్షించే క్రమం

జాగ్రత్త: గేరు న్యూట్రల్‌లో ఉంచి, బ్రేకు వేయండి. ఇంజను అంటుకోకుండా స్టాప్ లాగి ఉంచండి. బాటరీ దగ్గర నిప్పు, బీడీ వద్దు. అందులోంచి మండే హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. స్క్రూడ్రైవరుతో సొలినాయిడ్ బోల్టులను కలిపి స్టార్టు చేయవద్దు. గేరులో ఉంటే ట్రాక్టరు కదిలి మీ మీదికే వస్తుంది, ప్రాణం పోవచ్చు.

1. హెడ్‌లైట్లు వేసి తాళంచెవి తిప్పండి. వెలుగు బాగా తగ్గితే బాటరీని, దాని టెర్మినళ్ళను అనుమానించండి. తగ్గకపోతే ఎర్త్ తీగను, సొలినాయిడ్‌ను అనుమానించండి.
2. కొన్ని గంటలు ఊరకే ఉన్న బాటరీ సీసపు కొమ్ముల మధ్య కొలవండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.0 ఉంటే చాలావరకు ఖాళీ అయినట్టు, చార్జి చేయాలి.
3. తాళంచెవి తిప్పించి, అవే కొమ్ముల మధ్య మళ్ళీ కొలవండి. నిండుగా చార్జయిన బాటరీ కూడా 9.6 కంటే బాగా కిందికి పడితే అది బలహీనపడినట్టు.
4. మీటరు ఒక తీగను కొమ్ము మీద, రెండో తీగను దాని బిగింపు మీద ఉంచి, తాళంచెవి తిప్పించండి. రీడింగు సున్నాకు దగ్గరగా ఉండాలి. అర వోల్టు దాటితే ఆ అతుకు చెడినట్టే.
5. నెగెటివ్ కొమ్ముకూ ఇంజను ఒంటికీ మధ్య కూడా అలాగే కొలవండి. ఎక్కువ చూపితే ఎర్త్ తీగను విప్పి, శుభ్రం చేసి, బిగించండి.

టెర్మినళ్ళు విప్పేటప్పుడు ముందు నెగెటివ్‌ను తీయండి. బిగించేటప్పుడు దానిని చివర బిగించండి.

ఇవన్నీ సరిగా ఉన్నా శబ్దం ఆగకపోతే సొలినాయిడ్ లోపలి పట్టి ఉంచే చుట్ట తెగి ఉండవచ్చు. లాగే చుట్ట కాంటాక్టులు కలిసే వరకే పని చేస్తుంది. తరువాత ప్లంజరును నిలిపేది పట్టి ఉంచే చుట్టే. అప్పుడు మాత్రమే సొలినాయిడ్ మార్చండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. తాళంచెవి తిప్పినప్పుడు కొమ్ముల మధ్య 12.2 వోల్టులు, కొమ్ముకూ బిగింపుకూ మధ్య 6 వోల్టులు ఉన్నాయి. లోపం ఎక్కడ?
2. పై లెక్కలో చిలుము దగ్గర వేడిగా మారే శక్తి ఎన్ని వాట్లు?

జవాబులు: 1. బిగింపు దగ్గరి అతుకులో. బాటరీ మంచిదే. 2. 9 × 60 = 540 వాట్లు. చెడిన అతుకు చేతికి వేడిగా తగలడానికి కారణం ఇదే.