రాత బాగుంది, పూసలే తక్కువ

తాడిపత్రి దగ్గర ఒక పల్లె. ఆ పక్కనే పెన్న ఉంది. వానలు లేని ఏడు పెన్నలో ఇసుకే కనబడుతుంది. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఆ కొద్ది వానను నమ్ముకునే చెనక్కాయ వేస్తారు.

ఆ పల్లెలో ఒక తల్లి ఉంది. వాళ్లకు రెండెకరాల చేను. చేను చాలదు. అందుకని ఆమె బండల పాలిష్ మిషను దగ్గరికి కూలికి పోతుంది. ఆమెకు రెండేళ్ల కొడుకు. పగలంతా బిడ్డను అత్త చూసుకుంటుంది. పొద్దున పలుచని గంజి. మధ్యాహ్నం, రాత్రి చారు నీళ్లు కలిపిన బువ్వ. ఇదే బిడ్డ తిండి.

ఒకసారి బిడ్డకు భేదులు పట్టుకున్నాయి. తగ్గినాక బాగా చిక్కిపోయాడు. కొన్నాళ్లకు బుగ్గలు, పాదాలు నిండుగా కనబడ్డాయి. “నా మనవడు ఒళ్లు చేసినాడు” అని అవ్వ సంబరపడింది. కానీ బిడ్డ ఆడడం లేదు. ఊరికే ఏడుస్తున్నాడు. జుట్టు ఎర్రబారింది.

అంగన్‌వాడీ టీచరు వచ్చి చూసింది. బిడ్డ రెండు పాదాలను బొటనవేలితో కాసేపు నొక్కి వదిలింది. నొక్కిన చోట గుంట పడింది. ఆ గుంట వెంటనే పోలేదు.

“అవ్వా, ఇది ఒళ్లు కాదు, నీరు. ఈ రోజే ఆసుపత్రికి పోవాల” అంది టీచరు.

“వాని తలరాత అట్ల ఉందేమో తల్లీ” అని అవ్వ కళ్లు తుడుచుకుంది.

“రాత బాగానే ఉంది అవ్వా. పూసలే తక్కువైనాయి” అంది టీచరు.

ఏమిటా రాత? ఏమిటా పూసలు? చదవండి.

తిండిలో పూసల దండలు

మనం తినే తిండిలో పొడవైన దండలు ఉన్నాయి. అవి కంటికి కనబడనంత సన్నవి. చిన్న చిన్న పూసలు వరసగా గుచ్చితే దండ అవుతుంది కదా. ఇవీ అట్లాంటివే. శాస్త్రంలో వీటిని బృహదణువులు అంటారు. బృహత్ అంటే పెద్దది అని అర్థం.

రాగి, జొన్న, బియ్యంలో పిండి పదార్థం ఉంది. అది గ్లూకోజు అనే ఒకే రకం పూసతో గుచ్చిన దండ. ఒక పని చేసి చూడండి. జొన్నరొట్టె ముక్కను మింగకుండా చాలాసేపు నమలండి. కొద్దిగా తీపి తగులుతుంది. మన ఉమ్మి ఆ దండను చిన్న ముక్కలుగా తెంపుతుంది. అందుకే ఆ తీపి.

జొన్న సొప్పలోనూ గ్లూకోజు పూసలే ఉన్నాయి. కానీ గుచ్చిన తీరు వేరు. ఆ దండను మన కడుపు తెంపలేదు. ఎనుము కడుపులోని సూక్ష్మజీవులు తెంపగలవు. అందుకే సొప్ప ఎనుముకు మేత అయింది, మనకు కాలేదు. పూస ఒకటే. గుచ్చిన తీరు మారితే దండ పని మారిపోయింది.

ఆకారాన్ని బట్టే పని

ఇంకో రకం దండలు ఉన్నాయి. వాటి పేరు మాంసకృత్తులు. ప్రొటీన్లు అని కూడా అంటారు. వీటిలో 20 రకాల పూసలు ఉంటాయి. ఈ పూసలను అమైనో ఆమ్లాలు అంటారు.

నారను పేనితే మోకు అవుతుంది. చుట్టితే చుట్టకుదురు అవుతుంది. మోకుతో నీళ్లు చేదుతాం. చుట్టకుదురు మీద కుండ నిలుపుతాం. నార ఒకటే, ఆకారాన్ని బట్టి పని. మాంసకృత్తులూ అంతే.

మన చర్మంలో, ఎముకలో కొల్లాజెన్ అనే మాంసకృత్తు ఉంది. అందులో మూడు పాయలు జడలాగా మెలివేసుకుని ఉంటాయి. అందుకే దానికి అంత గట్టితనం. 1954, 1955 సంవత్సరాలలో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ఈ మూడు పాయల సంగతి లోకానికి చెప్పారు.

నెత్తురులో హిమోగ్లోబిన్ ఉంది. అందులో నాలుగు దండలు ఉండల్లా చుట్టుకుని ఉంటాయి. వాటి నడుమ ఇనుము ఉంటుంది. మనం పీల్చే గాలిలోని ఆక్సిజన్‌ను ఇది ఒళ్లంతా మోసుకుపోతుంది.

ఆకారం చెడితే పని చెడుతుంది. గుడ్డు ఉడికించి చూడండి. నీళ్లలాంటి తెల్లసొన గట్టిపడుతుంది. చల్లారినా మళ్లీ నీరు కాదు. వేడికి అందులోని దండల ఆకారం మారిపోయింది. అయినా తినేందుకు ఆ గుడ్డు మంచిదే. ఎట్లాగూ మన కడుపు ఆ దండలను పూసలుగా తెంపుతుంది.

నాలుగు అక్షరాల రాత

ఏ పూస పక్కన ఏ పూస గుచ్చాలో ఒంటికి ఎట్ల తెలుస్తుంది? దానికి ఒక రాత ఉంది. మన ఒళ్లు కంటికి కనబడని చిన్న గదులతో కట్టి ఉంది. వాటిని కణాలు అంటారు. దాదాపు ప్రతి కణంలోనూ ఈ రాత ఉంటుంది. దాని పేరు డీఎన్‌ఏ. అది కూడా ఒక పొడవైన దండే. సగం అమ్మ నుంచి, సగం నాయన నుంచి వస్తుంది.

తెలుగు చదవడానికి మనం 50కి పైగా అక్షరాలు నేర్చుకున్నాం. ఈ రాతలో ఉన్నవి నాలుగు అక్షరాలే. మూడేసి అక్షరాలు కలిస్తే ఒక పూసకు గుర్తు. ఈ గుర్తులను చదవడంలో హరగోవింద్ ఖొరానా గొప్ప పని చేశారు. ఆయన దేశం విడిపోకముందు పంజాబులో పుట్టారు. ఆయనకు 1968లో మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

రాత ఉంటే చాలదు. పూసలు కూడా ఉండాలి. ముగ్గు ఎట్ల వేయాలో తెలిసినా, చేతిలో పిండి లేకపోతే ముగ్గు పడదు కదా. టీచరు అవ్వతో చెప్పిన మాట ఇదే.

పూసలు ఎక్కడివి?

మనం పప్పు తింటే కడుపు ఆ దండలను తెంపుతుంది. పూసలు నెత్తురులో కలుస్తాయి. ఒళ్లు వాటితో తనకు కావలసిన కొత్త దండలు గుచ్చుకుంటుంది. కొన్ని పూసలను ఒళ్లే తయారుచేసుకుంటుంది. 9 రకాల పూసలను చేసుకోలేదు. అవి తిండిలోనే రావాలి.

రాగి, జొన్న, బియ్యంలో లైసిన్ అనే పూస తక్కువ. కంది, పెసర, అలసంద, ఉలవలో లైసిన్ బాగా ఉంది. పప్పులలో మెథియొనిన్ అనే పూస తక్కువ. అది రాగిలో ఉంది. రెండూ కలిపి తింటే ఒకదాని కొరత ఇంకొకటి తీరుస్తుంది. పేర్లు మరిచిపోయినా ఫరవాలేదు. సంగటిలోకి పప్పు ఉండాలని గుర్తుంచుకుంటే చాలు.

100 గ్రాముల చెనక్కాయ పప్పులో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు, సుమారు 40 గ్రాముల నూనె ఉంటాయి. ఊరిబిండి వట్టి నంజుడే కాదు, మంచి బలం. అయితే చెనక్కాయలో కూడా లైసిన్ కొంచెం తక్కువే. కాబట్టి కంది, అలసంద మానకూడదు.

కట్టెలు లేకపోతే దూలం కాలుతుంది

మాంసకృత్తు ఒక్కటే పెడితే సరిపోతుందా? సరిపోదు. పిల్లలకు కడుపు నిండా తిండి లేకపోతే ఒంటికి శక్తి చాలదు. అప్పుడు ఒళ్లు ఆ పూసలనే కాల్చుకుంటుంది. పొయ్యిలోకి కట్టెలు లేక ఇంటి దూలం తీసి కాల్చినట్టు అవుతుంది.

హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అక్కడ డాక్టర్ సి. గోపాలన్, ఆయనతో పనిచేసినవారు 1960ల నుంచి ఈ సంగతి గట్టిగా చెప్పారు. పేద పిల్లలకు మొత్తం తిండే చాలడం లేదని వారు చూపించారు. తిండి చాలని బిడ్డకు భేదులు, జ్వరం తోడైతే ఇంకా ముప్పు.

ఇంట్లో ఏం చేయాలి?

బిడ్డ కడుపు చిన్నది. అందుకే రోజుకు ఐదుసార్లు కొంచెం కొంచెం పెట్టాలి. పలుచని గంజి వద్దు. మెత్తగా, చిక్కగా ఉండాలి. అందులో పప్పు, చెంచా నూనె కలపాలి. చెనక్కాయలు వేయించి, మెత్తగా పొడి చేసి కలపాలి. చిన్న పిల్లలకు గింజలు పెట్టరాదు, గొంతులో అడ్డం పడతాయి. గుడ్డు, పాలు దొరికితే పెట్టాలి.

బూజు పట్టిన చెనక్కాయలు తినరాదు. వాటిలో అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టవచ్చు. వేయించినా అది పూర్తిగా పోదు.

పాదాలలో నీరు వస్తే ఇంటి తిండితో సరిపెట్టుకోరాదు. వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఆ తల్లి అట్లే చేసింది. కూలి పోయినా బిడ్డతో రెండు వారాలు ఆసుపత్రిలో ఉంది. నీరు తీసింది. బిడ్డ బరువు మొదట తగ్గింది. తర్వాత మెల్లగా పెరిగింది.

ఆ ఏడు చెనక్కాయ మండీకి పోయే రోజు వచ్చింది. తల్లి ఒక మూట పక్కకు లాగింది.

“అప్పు తీరాల కదా, అది ఎందుకు ఆపినావు?” అంది అత్త.

“అప్పు ఇంకో నెలకైనా తీరుతుంది అత్తా. బిడ్డ పెరిగే వయసు మళ్లీ రాదు” అంది కోడలు.

అత్త ఇంకేం మాట్లాడలేదు. చాట తెచ్చి, ఆ మూట విప్పి, బూజు పట్టినవి ఏరడానికి కూర్చుంది.

మాట్లాడుకోండి, రాయండి

1. పాదం నొక్కితే గుంట పడిన బిడ్డను ఏం చేయాలి?
2. సంగటిలోకి పప్పు ఎందుకు ఉండాలి?
3. నిన్న మీ ఇంట్లో చిన్న బిడ్డ ఎన్నిసార్లు తిన్నాడు? ఏమేం తిన్నాడు? రాయండి.
4. మీరు పండించిన దానిలో ఇంటికి ఎంత ఉంచుకుంటున్నారు? పక్కింటివారితో మాట్లాడండి.