కంటైనర్ పోయినా పర్లేదు, డేటా పోకూడదు

డాకర్ కంపోజ్‌తో వర్డ్‌ప్రెస్ సైట్ నడిపేవారికి సాధారణంగా మూడు కంటైనర్లు ఉంటాయి: ముందు ఇంజిన్ఎక్స్, మధ్యలో పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎంతో నడిచే వర్డ్‌ప్రెస్, వెనుక మరియాడీబీ. కంటైనర్ చెడిపోతే నిమిషాల్లో మళ్లీ లేపుకోవచ్చు. పోస్టులు, ఆర్డర్లు, ఫొటోలు పోతే మాత్రం బ్యాకప్ ఒక్కటే దిక్కు. అందుకే నెట్‌వర్క్, వాల్యూమ్‌ల దగ్గర ఈ జాగ్రత్తలు తప్పనిసరి.

చేయవలసినవి

• రెండు నెట్‌వర్కులు పెట్టండి. ఒకదాంట్లో ఇంజిన్ఎక్స్, వర్డ్‌ప్రెస్. రెండోదాంట్లో వర్డ్‌ప్రెస్, మరియాడీబీ. రెండోదానికి 'ఇంటర్నల్: ట్రూ' అని రాస్తే డేటాబేస్‌కు బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోతుంది.

• డేటాబేస్ హోస్ట్ దగ్గర సర్వీస్ పేరే రాయండి. కంటైనర్‌ను మళ్లీ సృష్టించినప్పుడు ఐపీ అడ్రస్ మారవచ్చు, పేరు మారదు. 'లోకల్‌హోస్ట్' అని రాస్తే వర్డ్‌ప్రెస్ తన కంటైనర్‌లోనే డేటాబేస్‌ను వెతుక్కుంటుంది.

• వాల్యూమ్‌కు స్థిరమైన పేరు ఇవ్వండి. లేదంటే కంపోజ్ దాని ముందు ప్రాజెక్ట్ పేరును, అంటే మామూలుగా ఫోల్డర్ పేరును, తగిలిస్తుంది. ఫోల్డర్ పేరు మార్చి 'అప్' కొడితే కొత్త ఖాళీ వాల్యూమ్ తయారై, సైట్ ఉండాల్సిన చోట వర్డ్‌ప్రెస్ ఇన్‌స్టాలేషన్ పేజీ కనిపిస్తుంది. కంగారుపడి ఇన్‌స్టాల్ నొక్కకండి. 'డాకర్ వాల్యూమ్ ఎల్ఎస్' కొట్టి చూడండి. పాత వాల్యూమ్ పాత పేరుతో అక్కడే ఉంటుంది.

• వర్డ్‌ప్రెస్ ఫైళ్ల వాల్యూమ్‌ను ఇంజిన్ఎక్స్‌కు చదవడానికి మాత్రమే ఇవ్వండి. దానికి రాసే పని లేదు.

• 'మరియాడీబీ-డంప్'ను 'సింగిల్-ట్రాన్సాక్షన్' ఆప్షన్‌తో నడిపి బ్యాకప్ తీయండి. ఆ ఫైలును, ఫొటోల ఫోల్డర్‌ను వేరే చోట దాచండి. అప్పుడప్పుడు మరో మెషీన్‌లో రీస్టోర్ చేసి చూడండి. రీస్టోర్ చేసి చూడని బ్యాకప్‌ను నమ్ముకోలేం.

చేయకూడనివి

• డేటాబేస్‌కు 3306 పోర్టు తెరవకండి. 'యూఎఫ్‌డబ్ల్యూలో మూసేశాం కదా' అని ధీమా పడకండి. డాకర్ తన ఐపీటేబుల్స్ నియమాలను తానే రాసుకుంటుంది కాబట్టి, తెరిచిన పోర్టుకు వచ్చే ట్రాఫిక్ ఆ ఫైర్‌వాల్‌ను దాటిపోతుంది. 2017 జనవరిలో రక్షణ లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన వేలాది మోంగోడీబీ డేటాబేస్‌లను దుండగులు తుడిచేసి డబ్బు అడిగారు. మీ ల్యాప్‌టాప్ నుంచి డేటాబేస్ చూడాలంటే ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ వాడండి.

• 'డాకర్ కంపోజ్ డౌన్' చివర 'మైనస్ వి' అలవాటుగా కొట్టకండి. మామూలు 'డౌన్' కంటైనర్లనూ నెట్‌వర్కులనూ తీసేస్తుంది. 'వి' చేరితే ఆ ఫైల్లో రాసిన వాల్యూమ్‌లు కూడా పోతాయి. అలా చేయమంటారా అని అది మిమ్మల్ని అడగదు.

• 'పర్మిషన్ డినైడ్' రాగానే 777 ఇవ్వకండి. ఫైళ్ల యజమాని ఎవరో చూడండి. వెబ్ యూజర్ నంబర్ డెబియన్ ఇమేజ్‌లో 33, ఆల్పైన్ ఇమేజ్‌లో 82. ఇమేజ్ మార్చినప్పుడు ఈ తేడా వల్లే అప్‌లోడ్లు ఆగిపోతుంటాయి.

• ఒకే డేటా వాల్యూమ్‌ను రెండు డేటాబేస్ కంటైనర్లకు తగిలించకండి. డేటా పాడయ్యే ప్రమాదం ఉంది.

• డాకర్ సాకెట్‌ను వెబ్ కంటైనర్‌లోకి మౌంట్ చేయకండి. అది చేతికి చిక్కినవాడికి సర్వర్ మొత్తం చిక్కినట్టే.

ఇప్పుడే 'డాకర్ కంపోజ్ పీఎస్' కొట్టి పోర్టుల వరుస చూడండి. డేటాబేస్ ఎదురుగా 0.0.0.0:3306 అని కనిపిస్తే, మిగతా పనులన్నీ పక్కనపెట్టి ముందు దాన్ని తీసేయండి.