మునిగిన నేలమీద నిరీక్షణ

పఠనభాగములు: ఆదికాండము 2:15, యిర్మీయా 32:6–15, రోమీయులకు 8:18–25

ముఖ్యాంశము: సృష్టిని కాపాడుట, ఫలితము కనబడకమునుపే దేవుని వాగ్దానమును నమ్మి చేయు క్రియ.

1. తీరము మారిన దినము

అండమాను దీవుల ముఖ్యపట్టణము 2024వ సంవత్సరమువరకు పోర్టుబ్లెయిరు అని పిలువబడెను. ఇప్పుడు దాని పేరు శ్రీ విజయపురము. డిగ్నాబాద్ ఆ పట్టణములోని ఒక పేట. శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతములనుండి వెళ్లి ఆ దీవులలో స్థిరపడిన తెలుగువారు అనేకులు. 2011 జనాభా లెక్కల ప్రకారము అక్కడ నూటికి 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. కనుక ఆ తీరమునకు కలిగిన ఆపద తెలుగు సంఘమునకు పరాయి వార్త కాదు.

2004 డిసెంబరు 26న భూకంపము కలిగి సునామీ వచ్చెను. అలలు వెనుకకు పోయెను గాని నేల పూర్వస్థితికి రాలేదు. దక్షిణ అండమానులో భూమి సుమారు ఒక మీటరు క్రుంగెను. సిప్పీఘాట్ మొదలగు చోట్ల వరిపొలములు ఉప్పునీట మునిగి అట్లే నిలిచిపోయెను. ఉత్తర అండమానులో నేల పైకి లేచి, పగడపు దిబ్బలు బయటపడి ఎండిపోయెను. దక్షిణమున మడచెట్లు వాటి శ్వాసవేళ్లు ఎల్లవేళల నీటమునిగి యుండుటచేత చచ్చెను. ఉత్తరమున పోటునీరు అందక చచ్చెను. అటుపిమ్మట సముద్రజలము మితిమీరి వేడెక్కుటవలన 2010లోను 2016లోను అండమాను పగడములు తెల్లబారెను.

ఈ రెండు ఆపదలను ఒకటిగా చూడరాదు. భూకంపము మనుష్యుడు కలుగజేసినది కాదు. సముద్రము వేడెక్కుట ముఖ్యముగా బొగ్గును చమురును మితిమీరి మండించిన మనుష్యుని క్రియాఫలము. మొదటిదానియెదుట ఓర్పు కావలెను. రెండవదానియెదుట మారుమనస్సు కావలెను.

2. యిర్మీయా కొనిన పొలము

బబులోను సేన యెరూషలేమును ముట్టడించియున్న కాలమది. పట్టణము పడిపోవునని ప్రకటించిన ప్రవక్తయే చెరసాల ప్రాకారములో నుండెను. అట్టి సమయమున అతడు అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొనెను; సాక్షులను పిలిచి, వ్రాతపూర్వకముగా చేసి, ఆ పత్రములు చాలకాలము నిలుచునట్లు మంటికుండలో భద్రపరపించెను.

లోకరీతిగా చూచినయెడల ఇది తెలివితక్కువ బేరము. ఆ పొలమున పంట కోసికొందునని యిర్మీయా ఎదురుచూడలేదు. ముట్టడి అబద్ధమని అతడు చెప్పలేదు. కీడు తప్పిపోవునని జనులను మభ్యపెట్టలేదు. అయినను ఆ నేలకు ఇంక విలువలేదని ఒప్పుకొనలేదు. ఏదో ఒక విధముగా మేలు జరుగునని తలంచుట వేరు, నిరీక్షణ వేరు. నిరీక్షణ కీడును కన్నులార చూచి, దేవుని మాటనుబట్టి వెలచెల్లించి పని మొదలుపెట్టును.

3. సేవించుట, కాచుట

ఏదెను తోటలో నరునికి అప్పగింపబడిన పనిని హెబ్రీ మూలము రెండు క్రియలతో చెప్పుచున్నది. ‘ఆబద్’ అనగా పనిచేయుట, సేవించుట. ‘షామర్’ అనగా కాచుట. ప్రత్యక్షగుడారములో లేవీయులు చేయవలసిన సేవను గూర్చి చెప్పునప్పుడు సంఖ్యాకాండము 3:7–8లో ఈ రెండు పదములే వాడబడెను. యాజకుల ఆశీర్వాదములో (సంఖ్యాకాండము 6:24) దేవుడు తన ప్రజలను కాపాడునని చెప్పుటకు వచ్చు పదమును ‘షామర్’ అనునదే. కాబట్టి ఆదికాండము 1:28లోని ఏలుబడిని ఈ వెలుగులో చదువవలెను. తాను కాపాడబడుచున్న రీతిగానే నరుడు భూమిని కాపాడవలసియున్నాడు.

4. నేటి అనాతోతులు

మడచెట్లలో కొన్ని జాతుల విత్తనములు తల్లిచెట్టుమీదనే మొలకెత్తి, పిదప క్రిందపడి బురదలో నాటుకొనును. లేదా నీటిలో తేలిపోయి వేరొక ఒడ్డున వేరూనును. సునామీ ముంచిన అండమాను పల్లపునేలలలో కొన్నింట ఈలాగు క్రొత్త మడలు పుట్టెను. పోయిన వరిచేను తిరిగి రాలేదు. అయితే అలల వేగమును తగ్గించి మట్టిని నిలుపు వేళ్లు అక్కడ పెరుగుచున్నవి.

మనుష్యుల ప్రయాసయు వ్యర్థము కాలేదు. వండూరు యొద్ద సముద్ర జాతీయవనము 1983లో ఏర్పడెను. 2002 మే 7న సుప్రీంకోర్టు ఆ దీవులలో చెట్ల నరికివేతపై తీవ్రమైన ఆంక్షలు విధించి, ఇసుక త్రవ్వకమును క్రమముగా తగ్గింప నాజ్ఞాపించెను. ఆంధ్రదేశములో గోదావరి, కృష్ణా నదీముఖములయొద్ద, చెట్లు నరకబడి ఉప్పుపేరిన మడభూములకు 1990ల చివరినుండి చేపముల్లు ఆకారముగా కాలువలు త్రవ్వి పోటునీటిని మరల రప్పించిరి. ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థయు అటవీశాఖయు గ్రామస్థులతో కలిసి ఈ పని చేసిరి. నీటికి దారి దొరకగా నాటిన మొక్కలు నిలిచెను.

అయినను కాలువలు త్రవ్వుటతో సమస్తమును చక్కబడదు. సముద్రము వేడెక్కుచుండగా జాతీయవనపు సరిహద్దు పగడమును కాపాడజాలదు. సృష్టియంతయు ఇంకను మూలుగుచున్నదని అపొస్తలుడైన పౌలు చెప్పుచున్నాడు. అయితే అతడు దానిని ప్రసవవేదనతో పోల్చెను, మరణవేదనతో కాదు. ప్రసవవేళ మంత్రసాని చేతులు ముడుచుకొని కూర్చుండదు.

5. ఆలోచించుటకు

(అ) యిర్మీయా పత్రములను మంటికుండలో ఎందుకు భద్రపరపించెను?
(ఆ) మీ సంఘముయొక్క చెరువు, ఒడ్డు లేక పొలము విషయములో ఓర్పు కావలసినదేది? మారుమనస్సు కావలసినదేది?
(ఇ) నాటినవారు నీడను అనుభవింపకపోయినను నాటదగిన చెట్టును మీ సంఘము ఈ సంవత్సరము ఎక్కడ నాటగలదు?

ప్రార్థనాంశము: సముద్రతీరములలో ఇండ్లను, పొలములను పోగొట్టుకొనినవారి కొరకును, మడలను పగడములను కాచువారి కొరకును, విశ్వాసులకు వెలచెల్లించు నిరీక్షణ అనుగ్రహింపబడునట్లును ప్రార్థించుడి.