క్లోనిడిన్ మాత్రను ఒక్కసారిగా మానకండి



బి.పి. మందుల్లో క్లోనిడిన్ ఒకటి. మందుల షాపుల్లో ఆర్కమిన్ అనే పేరుతో దొరుకుతుంది. వేరే మందులతో బి.పి. అదుపులోకి రానివారికి, కిడ్నీ జబ్బు ఉన్నవారికి డాక్టర్లు దీన్ని కలిపి రాస్తుంటారు.

ఎలా పనిచేస్తుంది?

కంగారు పడినప్పుడు మెదడు గుండెకు, రక్తనాళాలకు సంకేతాలు పంపుతుంది. ఈ మందు ఆ సంకేతాల జోరును తగ్గిస్తుంది. గుండె నెమ్మదిస్తుంది, రక్తనాళాలు వదులవుతాయి, బి.పి. దిగుతుంది.

పిల్లలకు ఎందుకు?

కుదురుగా కూర్చోలేక, దేనిమీదా మనసు నిలపలేక బాధపడే పిల్లలుంటారు. ఈ సమస్యను ఎ.డి.హెచ్.డి. అంటారు. 2010లో అమెరికాలో 6 నుండి 17 ఏళ్ళ పిల్లలకు, నెమ్మదిగా కరిగే క్లోనిడిన్ మాత్రను ఇందుకోసం అనుమతించారు. "మా బిడ్డకు బి.పి. లేదే, ఈ మందెందుకు?" అని భయపడి తల్లిదండ్రులు మాన్పించకూడదు. డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

మానేస్తే ఏమవుతుంది?

అణగి ఉన్న సంకేతాలు ఒక్కసారిగా విజృంభిస్తాయి. ఒకటి రెండు రోజుల్లోనే బి.పి. చాలా ఎక్కువగా పెరగవచ్చు. తలనొప్పి, గుండె దడ, చెమటలు, వణుకు, కంగారు కలుగుతాయి. అరుదుగా మెదడులో రక్తస్రావమై ప్రాణాపాయం కూడా రావచ్చు.

గుర్తుంచుకోవలసినవి:

1. ఊరికి వెళ్ళేముందే మాత్రలు సరిపడా ఉన్నాయో చూసుకోండి.

2. ఉపవాస ప్రార్థన చేయదలిస్తే ముందుగా డాక్టరుతో మాట్లాడండి. మాత్రను మీ అంతట మీరు ఆపవద్దు.

3. మానవలసి వస్తే డాక్టరు కొన్ని రోజులపాటు కొద్దికొద్దిగా తగ్గిస్తారు. గుండె వేగం తగ్గించే ఎటెనొలాల్ వంటి మందు కూడా వాడుతుంటే తప్పక చెప్పండి.

4. నోరు ఎండడం, మగత, మలబద్ధకం, లేవగానే కళ్ళు తిరగడం ఉండవచ్చు. మెల్లగా లేవండి. మగతగా ఉంటే బండి నడపవద్దు. మద్యం ముట్టవద్దు.

5. మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. 100 మైక్రోగ్రాములంటే మిల్లీగ్రాములో పదో వంతు మాత్రమే. చీటీ చూపించే కొనండి.

6. చిన్నపిల్లలకు అందనివ్వకండి. ఒక్క మాత్ర మింగినా మత్తు కమ్మి, ఊపిరి, గుండె నెమ్మదించవచ్చు. ఇంట్లో వాంతి చేయించక వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. మాత్రల అట్టనూ తెండి.

ఒంట్లో బాగుందంటే మందు పనిచేస్తోందన్నమాట. అందుకే అప్పుడు కూడా మానకండి. దేవుడు మీకు మంచి ఆరోగ్యం దయచేయును గాక!