ప్రక్కను కూర్చుండువాడు

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 8:26–40



ఈ మాసపు పాఠమునకు యెరూషలేమునుండి గాజాకు పోవు అరణ్యమార్గమున జరిగిన సంగతిని తీసికొందము. ఐతియొపీయ రాణియొక్క ధనాగారమునకు అధికారియైన యొకడు రథములో కూర్చుండి యెషయా గ్రంథము చదువుకొనుచు పోవుచుండెను. అతనికి రథము కలదు, చేతిలో గ్రంథము కలదు, అక్షరములును తెలియును. ఐనను చదువుచున్నది బోధపడలేదు. ఫిలిప్పు పరుగెత్తి వెళ్లి, అర్థమగుచున్నదా యని విచారించి, అతడు పిలువగా రథమెక్కి ప్రక్కను కూర్చుండెను. ఆ కూర్చుండుటను గూర్చియే నేను వ్రాయదలచితిని.

మా సంఘమునకు చెందిన కొన్ని కుటుంబములు పనులకొరకు గ్రామము విడిచి నరసరావుపేట పట్టణములోని యొక పేటలో కాపురమున్నవి. మగవారు తాపీపనికిని, ఆడువారు మిరపకాయల తొడిమలు తీయుటకును పోవుదురు. నెలకొకసారి నేను వారిని దర్శించుచుందును. ఆ పేటలో ఫోను లేని ఇల్లు అరుదు.

ఒకనాడు నేను ప్రార్థన కూటమునకు త్వరపడి పోవుచుండగా ఒక విధవరాలు తన ఫోను పట్టుకొని గుమ్మములో నిలిచి, "అయ్యగారూ, బ్యాంకువాళ్లమని ఎవరో ఫోను చేస్తున్నారు. ఏదో నంబరు వచ్చిందంట, చెప్పమంటున్నారు. ఒక్కసారి చూసిపెట్టండి" అని అడిగినది. "ఎవరైనా కుర్రవాళ్లకు చూపించమ్మా" అని చెప్పి నేను సాగిపోతిని. ఆ వేళకు కుర్రవాళ్లందరు పనులకు పోయిరి. ఆమె ఆ నంబరు చెప్పివేసినది. కుమార్తె కళాశాల రుసుముకొరకు దాచిన పదునెనిమిది వేల రూపాయలు నిమిషములో పోయినవి. గాయపడినవానిని చూచి ప్రక్కగా పోయిన యాజకుని గూర్చి నేను ఎన్నిమారులో ప్రసంగించితిని. ఆ దినమున ఆ యాజకుడను నేనే.

ఇందులో కొరతపడినది ఏమిటి? తీగెలు కావు. 2016 సెప్టెంబరు తరువాత దేశమంతట ఫోనులోని ఇంటర్నెట్ వెల మిక్కిలి తగ్గినది. మన రాష్ట్రములో ఫైబర్ గ్రిడ్‌ను 2017 డిసెంబరు 27వ తేదీన అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించిరి. భూమిని త్రవ్వుటకు బదులుగా విద్యుత్ స్తంభములమీదుగా తీగె లాగుటచేత ఖర్చు తగ్గెను. ఊరి కేబుల్ ఆపరేటరు ద్వారానే అది ఇండ్లకు చేరెను. నెలకు 149 రూపాయల వెలతో మొదలిడిరి. ఆ వెల అట్లే నిలువలేదు గాని, కూలివాని ఇంటికిని తీగె రాగలదని ఋజువాయెను.

తీగె వచ్చినంతనే తెలివి రాదు. ప్రభుత్వము 2017లో గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ అను పథకమును ఏర్పరచి, ఇంటికొకరికి 20 గంటల శిక్షణ ఇప్పించినది. 2024 మార్చితో అది ముగియునప్పటికి ఆరు కోట్లకు పైగా జనులు శిక్షణ పొందిరి. మేలైన పనియే. కాని అది గ్రామములకు ఏర్పడినది. పట్టణపు పేటలు దానిలోనివి కావు. ఊరు విడిచి పేటకు వచ్చిన మన కూలివారు ఊరి పాఠమునకును దూరమైరి, పట్టణపు తెలివికిని అందకపోయిరి.

ఇంతలో పనులన్నియు ఫోనులోనికి వచ్చినవి. 2025 జనవరి 30న మన రాష్ట్ర ప్రభుత్వము "మన మిత్ర" అను పేరుతో వాట్సాప్ ద్వారా 161 సేవలను ప్రారంభించినది. తెలిసినవానికి అది వాకిట నిలిచిన కచేరి. తెలియనివానికి మూసిన తలుపు.

కేరళ రాష్ట్రములో తిరువనంతపురము జిల్లాలోని పుల్లంపార పంచాయతీవారు ఒక మార్గము చూపిరి. ఉపాధిహామీ కూలివారు తమ కూలి పడినదో లేదో తెలిసికొనుటకు బ్యాంకు చుట్టు తిరిగి పని పోగొట్టుకొనుచుండుట చూచి, స్వచ్ఛంద సేవకులు వారున్న చోటికే పోయిరి. పనిస్థలములలో విశ్రాంతివేళ వారి ప్రక్కను కూర్చుండి నేర్పిరి. 2022లో ఆ పంచాయతీ సంపూర్ణ డిజిటల్ అక్షరాస్యత సాధించినదని ప్రకటింపబడెను. అదే పద్ధతిని పట్టణములతో సహా రాష్ట్రమంతట నడిపి, 2025 ఆగస్టు 21న ఆ రాష్ట్రమే అట్లు ప్రకటించుకొనెను. నూరేండ్లు దాటిన వృద్ధుడును నేర్చుకొనెను. కావున "మాకిక వయస్సు మీరినది" అను మాట మనము విడువవలెను.

మన పల్నాటికి ఇట్టి పని క్రొత్తది కాదు. 1849లో హయ్యర్ దొరగారు గురజాలకు వచ్చి పని మొదలిడిన కాలమున, ఉత్తరము వచ్చినయెడల చదివిపెట్టువానికొరకు ఊరంతయు వెదకవలసియుండెను. మిషను బడులు మన తాతలకు అక్షరములు నేర్పినవి. నేడు ఉత్తరము ఫోనులో వచ్చుచున్నది. చదివిపెట్టువానికొరకు వెదకుట మాత్రము మరల మొదలైనది.

కావున ఆ పేటలో మేము చేయుచున్న చిన్న పనిని చెప్పెదను. ప్రార్థన మందిరములో ఒక కనెక్షను పెట్టించి, ఖర్చును కుటుంబములన్నియు పంచుకొనుచున్నవి. శనివారము సాయంకాలము, పనినుండి వచ్చి స్నానములు చేసిన పిమ్మట, ఒక్కొక్క యౌవనస్థుడు ఇద్దరు పెద్దల ప్రక్కను కూర్చుండును. ఫోను పెద్దల చేతిలోనే యుండవలెను, కుర్రవాడు ముట్టకూడదు. ఇదియే మా మొదటి నియమము. అతడు తీసికొని నొక్కిపెట్టిన యెడల పని తీరును గాని విద్య అబ్బదు.

మొదటి పాఠములు మూడు. ఫోనుకు వచ్చిన ఓటీపీ నంబరు, అడిగినవాడు ఎవడైనను, చెప్పరాదు. మనకు డబ్బు వచ్చుటకు పిన్ నంబరు కొట్టనక్కరలేదు, కొట్టుమన్నవాడు మోసగాడు. మోసపోయినయెడల సిగ్గుపడి దాచక, వెంటనే 1930కు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది డబ్బు చేయి దాటిపోవును. ఈ మూడవ సంగతి ఆ దినమున నాకే తెలియదు. తెలిసియుండినయెడల ఆ తల్లి సొమ్ము కొంతైనను దక్కియుండునేమో.

ఆ తల్లి ఇప్పుడు మొదటి బల్లమీదనే కూర్చుండును. పోయినవారము తన ఖాతాలో నిలువ ఎంతయున్నదో తానే చూచుకొని, "ఇంతేనా అయ్యగారూ! దీనికా నేనింత భయపడ్డాను?" అన్నది. ఆ సొమ్ము తిరిగి రాలేదు. కుమార్తె రుసుమును సంఘస్థులు కొంచెము కొంచెముగా కూర్చి కట్టిరి.

వాక్యభాగములోని తుది సంగతిని మరువకుడి. పని ముగిసిన పిమ్మట ఫిలిప్పు అక్కడ లేడు. ఆ అధికారి సంతోషించుచు తన త్రోవను తాను వెళ్లెను. నేర్పువాడు లేకయే నేర్చినవాడు సాగిపోవుటయే మంచి బోధకు గురుతు.

ఆలోచించుటకు:
1. మీ వీధిలో ఫోనులోని మాటను చదివించుకొనుటకు ఇతరుల వాకిట నిలుచువారు ఎవరు?
2. వారి ప్రక్కను కూర్చుండుటకు వారమునకు ఒక గంట మీరు ఇయ్యగలరా?
3. మీరు సహాయము చేయునప్పుడు ఫోను ఎవరి చేతిలో ఉండును?