విటమిన్ సి లోషన్: పొడి నిలుస్తుంది, నీళ్లు కలిస్తే నిలవదు

కలుపు తీసేవాళ్లకూ, నాట్లేసేవాళ్లకూ ఎండకి ముఖం, చేతులు కమిలిపోవడం మామూలే. ఈమధ్య విటమిన్ సి లోషన్ రాస్తే మచ్చలు తగ్గుతాయన్న మాట పల్లెలకూ పాకింది. బజారులో చిన్న సీసాకే వందల రూపాయలు పెట్టాలి. అంత పెట్టలేక కొందరు ఆడవాళ్లు నిమ్మచెక్కతో రుద్దుకుని పొలానికి వెళ్తున్నారు. ఇది మంచిది కాదు.

నిమ్మచెక్క ఎందుకు వద్దు?

వంద గ్రాముల నిమ్మరసంలో ఉండే విటమిన్ సి సుమారు 30 నుంచి 50 మిల్లీగ్రాములే. లోషన్‌లో ఇంతకు కనీసం వంద రెట్లు ఉండాలి. పైగా నిమ్మతొక్కలోని కొన్ని పదార్థాలు ఒంటికి అంటి, దానిపై ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలు లేస్తాయి. ఆ మచ్చలు నెలల తరబడి పోవు. గూడూరు, పొదలకూరు వైపు నిమ్మకాయలు కోసేవాళ్లు కూడా పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఎందుకు పాడవుతుంది?

ఆస్కార్బిక్ ఆమ్లం అనే తెల్లని పొడే విటమిన్ సి. గాలి, వెలుతురు తగలని డబ్బాలో ఇది నెలల తరబడి ఉంటుంది. నీళ్లలో కరిగిస్తే మాత్రం గాలితో కలిసి పాడైపోతుంది. వేడి, వెలుతురు, ఇనుము, రాగి దాన్ని ఇంకా తొందరగా చెడగొడతాయి. మా ఇంట్లో ఒకసారి సీసా నిండా కలిపి కిటికీలో పెట్టాం. కొద్ది రోజులకే టీ డికాక్షన్ రంగుకు తిరిగింది. కలిపిన పురుగుమందును మర్నాటికి ఉంచుకోం కదా, ఇదీ అంతే.

కావలసినవి

ఐ.పి. ముద్ర ఉన్న ఆస్కార్బిక్ ఆమ్లం పొడి 1 గ్రాము, మందుల షాపులో దొరికే ఇంజక్షన్ నీళ్లు 15 మి.లీ., గ్లిసరిన్ 4 మి.లీ. గ్రాము తూకం కంసాలి దగ్గర వేయించుకోండి. నీళ్లు, గ్లిసరిన్ సిరంజితో కొలవండి. బోరు నీళ్లలో ఇనుము ఉండవచ్చు, అవి పనికిరావు. బ్యాటరీ నీళ్లు కూడా వద్దు. చప్పరించే మాత్రల్లో పంచదార, రంగు ఉంటాయి కాబట్టి వాటిని నూరి వాడకూడదు.

తయారీ

గాజు గ్లాసు మరిగించి ఆరబెట్టాలి. రాగి చెంబు ముట్టవద్దు. నీళ్లలో పొడి పూర్తిగా కరిగాక గ్లిసరిన్ కలపాలి. ఇది 5 శాతం బలం, మొదటిసారికి చాలు. భూసార పరీక్ష కార్డులో చూసే ఉదజని సూచిక దీనికీ ముఖ్యమే. పి.హెచ్. కాగితంతో చూస్తే 3 నుంచి 3.5 మధ్య ఉండాలి. తక్కువుంటే చర్మం మండుతుంది. అప్పుడు తినే సోడా సూదిమొనంత వేసి, కలిపి, మళ్లీ చూడాలి. సోడా ఎక్కువైతే లోషన్ చర్మంలోకి ఇంకదు, తొందరగా పాడవుతుంది కూడా.

ముదురు రంగు చిన్న సీసాలో నిండుగా పోసి, మూత బిగించి ఫ్రిజ్‌లో ఉంచితే వారం వాడుకోవచ్చు. ఫ్రిజ్ లేనివాళ్లు కొలతలన్నీ పావువంతు చేసుకుని రెండు రోజుల్లో వాడేయాలి. పసుపు రంగు తిరగ్గానే పారబోయండి. నిలవ ఉండటానికి కంపెనీలవాళ్లు ఫెరూలిక్ ఆమ్లం, విటమిన్ ఇ కూడా కలుపుతారు. అది ఇంట్లో కుదిరే పని కాదు.

జాగ్రత్తలు

ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు చూడండి. దద్దురు, మంట వస్తే వాడవద్దు. పుండ్లు, పగుళ్లు, కళ్ల దగ్గర రాయకూడదు. పసిపిల్లలకు అసలే వద్దు. రాత్రి పడుకునే ముందు నాలుగైదు చుక్కలు చాలు. గుణం కనిపించడానికి నెలలు పడుతుంది. మచ్చ పెరుగుతున్నా, రక్తం వస్తున్నా చర్మ వైద్యుడికి చూపించాలి. ఎండకి నిండు చేతుల చొక్కా, తలగుడ్డే మొదటి రక్షణ.

అమ్మకానికి వద్దు

పొదుపు సంఘాల మహిళలు దీన్ని చేసి అమ్ముదామనుకోవచ్చు. 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం లైసెన్సు లేకుండా అమ్మకానికి తయారు చేయకూడదు. వారంలో పాడయ్యే సరుకు అమ్మితే డబ్బూ పోతుంది, పేరూ పోతుంది. కాబట్టి ఇంటి వాడకానికి, వారానికి సరిపడా మాత్రమే కలుపుకోండి.