శ్రమ దినములలో విశ్వాస బలం
(రోగుల కుటుంబ సభ్యులకు ఒక పాఠం)

ధ్యాన భాగములు: యోహాను 9:1–3, 1 రాజులు 19:1–8, 2 రాజులు 20:1–7, మార్కు 2:1–12, 2 కొరింథీ 12:7–10





ఆదోని నుండి, ఎమ్మిగనూరు నుండి, కోసిగి, కౌతాళం, గోనెగండ్ల పల్లెల నుండి రోగిని వెంటబెట్టుకొని వచ్చినవారు మీరు. మంచం మీద ఉన్నవారి పేరు కేసు షీటులో ఉంటుంది. మంచం పక్కన చాప పరుచుకొని పడుకునే మీ పేరు ఏ షీటులోనూ ఉండదు. పత్తి తీత మధ్యలో వదిలేసి వచ్చినవారున్నారు. కూలి పోయినవారున్నారు. ఇంట్లో చిన్నపిల్లలను ముసలివారికి అప్పగించి వచ్చినవారున్నారు. కొందరి కొడుకులు గుంటూరు వైపు మిరప కోతలకు వలస పోయి ఉంటారు. కబురు పంపినా వెంటనే రాలేరు.

ఈ పాఠం మీ కోసం. ఇది చదవడానికి మీరు క్రైస్తవులే కానక్కరలేదు. మేము బైబిలులో నుండి మాట్లాడతాము, ఎందుకంటే మాకు బలం అక్కడ దొరికింది. మీకు ఉపయోగపడేది తీసుకోండి.

ముందుగా ఒక్క మాట చెప్పాలి. విశ్వాసం అంటే మందు మానేసే ధైర్యం కాదు. మందు పనిచేసేంత వరకు, ఒకవేళ పనిచేయకపోయినా, రోగి చేయి వదలకుండా నిలబడే బలమే విశ్వాసం. ఈ పాఠమంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

1. ఈ జబ్బు ఎవరి పాపం?

వార్డులో మమ్మల్ని ఎక్కువమంది అడిగే ప్రశ్న జబ్బు గురించి కాదు. “సిస్టరమ్మా, మేమేం పాపం చేశామని ఇట్లయింది?” అని అడుగుతారు. పుట్టిన బిడ్డకు గుండెలో రంధ్రం ఉంటే తల్లిని అంటారు. భర్తకు పక్షవాతం వస్తే కోడలి పాదం మంచిది కాదంటారు. సంఘంలో కూడా కొందరు “మీకు విశ్వాసం తక్కువైంది, అందుకే తగ్గలేదు” అంటారు. అప్పటికే విరిగిన మనసు ఆ మాటతో ఇంకా విరుగుతుంది.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో శిష్యులు ఇదే ప్రశ్న అడిగారు. పుట్టు గ్రుడ్డివాడిని చూసి, పాపం చేసినది ఇతడా, ఇతని తల్లిదండ్రులా అన్నారు. వీడూ కాదు, వీని కన్నవారూ కాదు అన్నదే యేసు ప్రభువు జవాబు. నేరం ఎవరిదో తేల్చడానికి ఆయన ఆగలేదు, అతనికి చూపు ఇవ్వడానికి పూనుకున్నాడు.

పుట్టుకతో వచ్చే గుండె జబ్బు తల్లి పాపం వల్ల రాదు. క్షయ గాలి ద్వారా పాకే క్రిమి వల్ల వస్తుంది. పక్షవాతం చాలావరకు అదుపులో లేని బి.పి., షుగరు, పొగాకు వల్ల వస్తుంది. కాబట్టి ఎవరు పాపం చేశారని ఇంట్లో పంచాయితీ పెట్టకండి. ఇప్పుడు ఏం చేయాలని మాత్రమే అడగండి.

2. ఏలీయాకు ముందు అందినది రొట్టె, నిద్ర

ఏలీయా గొప్ప ప్రవక్త. అయినా ఒక రోజు బెదిరిపోయి అరణ్యానికి పారిపోయాడు. బదరీవృక్షం కింద కూలబడి, ఇక బ్రతకలేనని చావును కోరుకున్నాడు. అంత విశ్వాసి నోట ఆ మాట వచ్చిందంటే, మీకు అలాంటి తలంపు వస్తే మీరు అవిశ్వాసులని ఎవరూ అనలేరు.

దేవుడు అతనికి ప్రసంగం చేయలేదు, గద్దించలేదు. దూత వచ్చి తట్టి లేపితే, నిప్పులమీద కాల్చిన రొట్టె, నీళ్ళ బుడ్డి తల దగ్గర ఉన్నాయి. తిన్నాడు, మళ్ళీ పడుకున్నాడు. రెండోసారి కూడా లేపి తినమన్నాడు. ప్రయాణం నీ శక్తికి మించినది గనుక తినమని చెప్పాడు. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తరువాతే.

రోగి దగ్గర ఉండేవారికి ఇంతకంటే మంచి పాఠం లేదు. రోగి తినలేదని మీరూ పస్తుంటే మూడో రోజుకు మీరే పడిపోతారు. అందుకే ఇవి పాటించండి:

- పూటపూటకు తినండి. ఇంటినుండి వచ్చిన జొన్నరొట్టె, పప్పు చాలు. టీ మీదనే రోజు గడపకండి.
- రాత్రి కాపలా వంతులవారీగా పెట్టుకోండి. ఒకరు మేలుకుంటే ఒకరు పడుకోండి.
- మీకు బి.పి., షుగరు ఉంటే మీ మాత్రలు వెంట తెచ్చుకోండి. రోగి మందులు గుర్తుపెట్టుకొని తమవి మరిచిపోయేవారిని చాలామందిని చూస్తుంటాం.
- ఉపవాస ప్రార్థన చేయదలచుకుంటే ముందు అడగండి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవారు, గర్భిణీలు, బాలింతలు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకూడదు. రోగిని అసలే ఉంచకూడదు.

తినడం, పడుకోవడం స్వార్థం కాదు. మీరు నిలబడితేనే రోగికి ఆసరా ఉంటుంది.

3. ప్రార్థనా, మందా?

ఎమ్మిగనూరు వారికి మగ్గం గురించి మేము చెప్పనక్కరలేదు. పడుగు ఒక్కటే ఉంటే బట్ట కాదు, పేక ఒక్కటే ఉన్నా కాదు. రెండూ ఒకదానిలో ఒకటి అల్లుకుంటేనే బట్ట. ప్రార్థన, వైద్యం అలాంటివే.

రాజైన హిజ్కియాకు మరణకరమైన రోగం వచ్చింది. అతడు గోడవైపు తిరిగి కన్నీళ్ళతో ప్రార్థించాడు. దేవుడు విన్నాడు, ఆయుష్షు 15 సంవత్సరాలు పొడిగిస్తానని మాట ఇచ్చాడు. అప్పుడు ప్రవక్తయైన యెషయా ఏం చేశాడు? అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. వాగ్దానం వచ్చాక కూడా మందు మానలేదు. అపొస్తలుడైన పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే.

మన ప్రాంతం చరిత్రలో కూడా ఇది ఉంది. 1876–78లో ధాత కరువు వచ్చినప్పుడు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. కర్నూలు జిల్లాలో చేరింది 1953లో. ఆ కరువులో బళ్ళారి జిల్లా తీవ్రంగా దెబ్బతిన్నది. ఆకలితోను, కలరాతోను లెక్కలేనంతమంది పోయారు. అదే కరువు కోస్తా వైపుకు కూడా పాకింది. ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారు ప్రార్థనతో ఆగలేదు. మిషనరీ కాకముందు ఆయన సర్వేయరు పని చేసినవారు. బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వే పని కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలిగొన్నవారికి కూలి దొరికేలా చేశారు. ఆ రోజుల్లో బాప్తిస్మం కోరి వచ్చినవారికి ఏడాదికి పైగా ఇవ్వలేదు. కూలి కోసం మతం మారారనే మాట రాకూడదని ఆయన ఉద్దేశం. సహాయ పనులు ముగిశాక, 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరువులో పార, గంప కూడా విశ్వాసపు పనిముట్లే అయ్యాయి. అన్నానికి విశ్వాసాన్ని వెల కట్టకూడదన్నది కూడా అక్కడ నేర్చుకోవలసిన పాఠం. అలాగే వైద్యానికి కూడా మీ మతం ఎవరూ అడగనక్కరలేదు.

ఇక వార్డులో పాటించవలసినవి:

- ప్రార్థన చేశాక బాగున్నట్టనిపించినా మాత్రలు ఆపకండి. సాధారణ క్షయకు వైద్యం ఆరు నెలలు. రెండో నెలలోనే దగ్గు తగ్గవచ్చు, కాని క్రిమి పూర్తిగా చావదు. మధ్యలో ఆపితే మందులకు లొంగని క్షయ వస్తుంది. క్షయ రోగి తిండికి ప్రభుత్వం నెలకు 500 రూపాయలు ఇచ్చేది. 2024 నవంబరు నుండి 1,000 రూపాయలు చేశారు. అది మీ హక్కు, అడిగి తీసుకోండి.
- మూర్ఛ మాత్రలు, ఇన్సులిన్, బి.పి. మాత్రలు ఒక్కసారిగా ఆపడం ప్రాణానికి ముప్పు. “విశ్వాసముంటే మాత్రలు పారేయండి” అని ఎవరు చెప్పినా వినకండి, వారు ఎంత పెద్దవారైనా సరే.
- ప్రార్థన చేసిన నూనెను కుట్ల మీద, కాలిన గాయం మీద, పుండు మీద రాయకండి. నుదుట రాస్తే చాలు.
- స్పృహ సరిగా లేనివారి నోట్లో, పక్షవాతం వచ్చి మింగలేనివారి నోట్లో ఏమీ వేయకండి. నీళ్ళయినా, తీర్థమైనా, ప్రభుబల్ల రొట్టె అయినా ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. ముందు నర్సును అడగండి.
- మూతి వంకర పోయినా, ఒక చేయి లేవకపోయినా, మాట తడబడినా ఇంట్లో ప్రార్థనకు, నాటు మందుకు ఆలస్యం చేయకండి. వెంటనే 108కి ఫోను చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇవ్వగలరు. దారి పొడుగునా ప్రార్థించుకోవచ్చు.
- వార్డులో ప్రార్థనకు ఇద్దరు ముగ్గురు చాలు, మెల్లగా చేయండి. పక్క మంచం మీద ఉన్నవారికి నిద్ర కావాలి.

4. నలుగురు మోసిన మంచం

కపెర్నహూములో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చారు. ఇంటినిండా జనం ఉండి, తలుపు దగ్గర కూడా చోటు లేదు. వారు వెనక్కి పోలేదు. పైకప్పు విప్పి మంచాన్ని దించారు. యేసు ప్రభువు వారి విశ్వాసం చూసి ఆ రోగితో మాట్లాడాడని మార్కు వ్రాశాడు. రోగి ఏమన్నాడో ఆ కథలో లేదు. అతనికి ప్రార్థించే ఓపిక లేకపోయి ఉండవచ్చు. అతని వంతు విశ్వాసాన్ని మిగిలినవారు మోశారు.

ఒక్క మనిషి మంచాన్ని మోయలేడు. కాని మన ఇళ్ళలో మోసేది ఎక్కువగా ఒక్కరే, చాలాసార్లు భార్యో, పెద్ద కూతురో, కోడలో. తతిమ్మావారు ఆదివారం వచ్చి పండ్లు ఇచ్చి పోతారు. అలా కాకుండా నాలుగు కోళ్ళకు నలుగురిని పెట్టుకోండి:

- డాక్టరుతో మాట్లాడేవారు ఒకరు. ప్రశ్నలు కాగితం మీద రాసుకొని అడగాలి, జవాబు ఇంట్లో అందరికీ ఒకేలా చెప్పాలి.
- రాత్రి కాపలాకు ఒకరు.
- ఇల్లు, పిల్లలు, పశువులను చూసేవారు ఒకరు.
- డబ్బు, కాగితాలు చూసేవారు ఒకరు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇప్పుడు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ పేరుతో నడుస్తోంది. ఆ పథకం ఉన్న ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర ఉంటారు. వడ్డీకి అప్పు తేకముందే వారిని కలవండి.

మన ఊరిలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. విడివిడిగా నేసుకుంటూ కష్టాలు పడుతున్న నేతగాళ్ళను కలిపి మాచాని సోమప్ప గారు 1938లో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం నిలబెట్టారు. భారాన్ని పంచుకుంటే అది మోయగలిగినంత అవుతుంది. సహాయం అడగడం పరువు తక్కువ కాదు. “అన్నా, ఈ రాత్రికి నువ్వుండు” అనగలగడం కూడా విశ్వాసమే.

5. స్వస్థత రాకపోతే?

ఈ ప్రశ్నను దాటిపోకూడదు. కొందరు నడిచి ఇంటికి పోతారు, కొందరు పోరు. ప్రార్థించిన ఇళ్ళలో కూడా చావు వస్తుంది.

పౌలు తన శరీరంలోని ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు. అది తొలగిపోలేదు, దానిని భరించే కృప దొరికింది. తన జతపనివాడైన త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చానని కూడా అతడు వ్రాశాడు. గెత్సేమనేలో యేసు ప్రభువు తన గిన్నె తొలగిపోవాలని అడిగాడు. తనతో మెలకువగా ఉండమని స్నేహితులను బ్రతిమాలాడు. లాజరు సమాధి దగ్గర కన్నీళ్ళు విడిచాడు. 88వ కీర్తన మొదటి నుండి చివరి వరకు దుఃఖమే. అయినా అది పరిశుద్ధ గ్రంథంలో ప్రార్థనగానే నిలిచింది. కాబట్టి ఏడవండి. దేవునితో “ఎందుకు?” అనండి. అది విశ్వాసానికి ఎదురు కాదు. ఆయనతో మాట్లాడుతున్నారంటే ఆయనను విడిచిపెట్టలేదనే అర్థం.

తగ్గే జబ్బు కాదని డాక్టరు చెప్పినప్పుడు కూడా చేయవలసింది ఉంటుంది. నొప్పి తగ్గించే మందులు అడగండి. నొప్పి భరించడం భక్తి కాదు. నోరు తడి చేయండి, పక్క మార్చండి, చేయి పట్టుకొని కూర్చోండి. రోగి చెప్పాలనుకున్న మాటలు చెప్పనివ్వండి. స్వస్థత పేరుతో పొలం, బంగారం అమ్ముకొని ఊరూరా తిప్పకండి.

మీ సంగతి కూడా చూసుకోండి. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, దేనిమీదా మనసు లేకపోయినా, చనిపోవాలనే తలంపు వచ్చినా అది విశ్వాస లోపం కాదు, వైద్యం చేయదగిన బాధ. డ్యూటీలో ఉన్న నర్సుతో చెప్పండి. 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416కి పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఏలీయాకు దేవుడు రొట్టె ఇచ్చాడు, తరువాత ఎలీషా అనే తోడును ఇచ్చాడు. ఒంటరిగా ఉండమని ఆయన ఎవరికీ చెప్పలేదు.

కలిసి ఆలోచించండి

1. మన ఇంట్లో ఈ జబ్బుకు ఎవరినైనా నిందించామా? ఈ రోజు వారితో ఏ మాట చెప్పాలి?
2. రోగి మంచాన్ని ఇప్పుడు ఎవరు ఒక్కరే మోస్తున్నారు? మిగిలిన మూడు కోళ్ళు ఎవరు పట్టాలి?
3. ఏ మందు ఎన్నాళ్ళు వాడాలో ఇంట్లో అందరికీ తెలుసా?
4. ఈ రోజు మీరు తిన్నారా? ఎన్ని గంటలు పడుకున్నారు?

ప్రార్థన

కనికరము గల తండ్రీ, మంచం మీద ఉన్న మావారిని, మంచం పక్కన ఉన్న మమ్మును చూడుము. వైద్యుల చేతులను, మందులను దీవించుము. మాకు తిండి, నిద్ర, తోడు దయచేయుము. నిందను మా ఇంటినుండి తీసివేయుము. స్వస్థత వచ్చినను రాకపోయినను ఒకరి చేయి ఒకరు విడువకుండ మమ్మును బలపరచుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమెన్.